కళ్లజోడు, లెన్సు, లేజర్: ఎవరి ముఖం ఎంత దూరంలో కనబడాలో చూసి ఎంచుకోండి

మా పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టుకున్నాక అడ్డుతెర దించారు. అన్ని తంతుల మధ్యా వధూవరులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడానికే ఉన్న క్షణం అది. నాకు అప్పటికి రెండు కళ్లకూ మైనస్ 5.5 సైటు. ఫొటోలు బాగా రావని పెద్దవాళ్లు ముందే కళ్లజోడు తీయించి అత్తయ్య హ్యాండ్‌బ్యాగులో పెట్టేశారు. ఎదురుగా పట్టుపంచె తెలుపు, నుదుటి మీద బాసికం మెరుపు తెలిశాయి తప్ప ముఖం తెలియలేదు. ఆ రాత్రి పురోహితుడు అరుంధతీ నక్షత్రం చూపిస్తే కనిపించిందని తలూపాను. సప్తర్షి మండలంలో వశిష్ఠుడికీ పక్కనున్న అరుంధతికీ మధ్య ఎడం డిగ్రీలో అయిదో వంతు. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు ఎడాన్ని కూడా విడదీసి చూడగలదు. నాకు అరుంధతి సరే, ఆ ఏడుగురు ఋషుల్లో ఒక్కరూ కనబడలేదు.

ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే సైటుకి ఏం వాడాలని ఎవరైనా అడిగితే నేను ఖర్చు గురించీ అందం గురించీ తర్వాత మాట్లాడతాను. ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ రోజులో ఎక్కువసేపు ఎవరి ముఖాన్ని, ఎంత దూరం నుంచి చూడాలి? వాళ్లకు మీ కళ్లు కనబడటం మీకెంత ముఖ్యం?

ఇది సెంటిమెంటుతో అంటున్న మాట కాదు. మనిషి కంట్లో తెల్లగుడ్డు బయటికి కనిపించేంత విశాలంగా ఇంకే కోతిజాతికీ ఉండదని 1997లో జపాన్ పరిశోధకులు రకరకాల జాతుల కళ్లను కొలిచి రాశారు. నువ్వు ఎటు చూస్తున్నావో నాకు తెలిసేది ఆ తెలుపు వల్లే. పుట్టిన బిడ్డకు బాగా కనిపించే దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు. అంటే ఒళ్లో పాలు తాగుతున్నప్పుడు అమ్మ ముఖం ఉండేంత దూరం. రెండు నుంచి అయిదు రోజుల పసికందులు కూడా పక్కకు చూస్తున్న ముఖం కంటే తమవైపు సూటిగా చూస్తున్న ముఖాన్నే ఎక్కువసేపు చూస్తారని 2002లో ఒక అధ్యయనం తేల్చింది.

సైటు ఉండి ఏమీ పెట్టుకోని మనిషికి మన ఊళ్లలో వచ్చే చెడ్డపేరు తెలిసిందే. "ఎదురుగా వచ్చి కూడా పలకరించలేదు, ఎంత పొగరో!" కాలేజీలో ఉన్నప్పుడు నన్ను అలా అన్నవాళ్లు చాలామంది. నాకు వాళ్లు కనబడలేదంతే.

మీ పవర్‌ను దూరంగా మార్చుకోండి

దూరం మసకగా ఉండేవాళ్లకు ఒక తేలిక లెక్క. ఒకటిని మీ పవర్‌తో భాగిస్తే మీకు ఎంత దూరం దాకా స్పష్టంగా కనిపిస్తుందో మీటర్లలో వస్తుంది. మైనస్ 2 అయితే అర మీటరు. మైనస్ 5 అయితే 20 సెంటీమీటర్లు.

మన పాత కొలతలతో చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. మైనస్ అర పవర్ ఉన్నవాళ్ల ప్రపంచం బారెడుకి కాస్త అటు దాకా ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్ల ముఖంలో అన్నీ తెలుస్తాయి, వీధి చివర ఉన్నవాళ్లు తెలియరు. మైనస్ 2.25 అంటే మూరెడు. పుస్తకం, ఫోన్ హాయిగా చదువుతారు కానీ భోజనాల దగ్గర ఎదుటివాళ్ల కళ్లు చెమర్చినా తెలియదు. మైనస్ 4.5 అంటే జానెడు. ఒళ్లో ఉన్న బిడ్డ ముఖం తప్ప ఇంకెవరి ముఖమూ స్పష్టంగా ఉండదు.

బారెడువాళ్లు అవసరమైనప్పుడే కళ్లజోడు పెట్టుకున్నా గడిచిపోతుంది. బండి నడిపేటప్పుడు మాత్రం తప్పదు. మూరెడు, జానెడువాళ్లు లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏదో ఒకటి వాడాల్సిందే. కళ్లజోడు పెట్టుకుంటే సైటు పెరుగుతుందని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. పిల్లలకు తక్కువ పవర్ ఇచ్చి సరిపెట్టడమూ మేలు చేయదు.

కళ్లజోడు

చాలామందికి నేను మొదట చెప్పేది ఇదే. దీనివల్ల కంటికి ప్రమాదం లేదు, పవర్ మారితే గాజు మార్చుకోవచ్చు, తీసి పక్కన పెట్టొచ్చు. కానీ కళ్లజోడు అంటే ఎదుటివాళ్లకూ మీ కళ్లకూ మధ్య ఒక అద్దం. ఆ అద్దాన్ని ఎలా ఎంచుకున్నారన్న దాన్ని బట్టి మీ కళ్లు వాళ్లకు కనబడతాయి లేదా కనబడవు.

షాపులో అన్నిటికంటే ముందు అడగాల్సింది మెరుపు తగ్గించే ఏఆర్ కోటింగ్. గాజు వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకెను ఇండెక్స్ అంటారు, అది పెరిగేకొద్దీ గాజు పల్చగా వస్తుంది. మామూలు 1.5 ఇండెక్స్ గాజు ఒక్కో వైపు సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. 1.74 ఇండెక్స్ పల్చటి గాజైతే 7 శాతం. అందుకే పల్చటి గాజు కొని కోటింగ్ దగ్గర డబ్బులు మిగుల్చుకుంటే ఎదుటివాళ్లకు మీ కళ్ల బదులు ట్యూబ్‌లైటు కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడే అమ్మానాన్నలకైతే నేను మరీ గట్టిగా చెబుతాను, ఈ కోటింగ్ వదలొద్దు. అది లేకపోతే తెర వెలుగంతా అద్దాల మీద పడి అవతలివాళ్లకు మీ కళ్లు తెల్లటి చదరాల్లా కనబడతాయి.

తెరల నీలి వెలుతురును ఆపుతుందని అమ్మే బ్లూ కట్ గాజు గురించి షాపువాళ్లు బాగా నొక్కి చెబుతారు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను చూసి రాసిన సమీక్ష 2023లో వచ్చింది. మామూలు గాజుతో పోలిస్తే బ్లూ కట్ వల్ల కళ్ల అలసట తగ్గుతుందని అందులో తేలలేదు, కనీసం కొద్దికాలం వాడకంలో. పైగా చాలా బ్లూ కట్ గాజుల మీద నీలి మెరుపు ఉంటుంది. ఆ డబ్బు మంచి ఏఆర్‌కి పెట్టండి.

ఇక సోడాబుడ్డి అని ఏడిపించే మందపాటి అద్దాల సంగతి. మైనస్ గాజు వెనక కళ్లు చిన్నవిగా, ప్లస్ గాజు వెనక పెద్దవిగా కనబడతాయి. హై ఇండెక్స్ గాజు తీసుకుంటే అంచు మందం తగ్గుతుంది కానీ కళ్లు చిన్నవిగా కనబడటం పెద్దగా తగ్గదు. దానికి మందు ఫ్రేములో ఉంది. చిన్న ఫ్రేము, కంటికి దగ్గరగా కూర్చునేది, కంటిపాప సరిగ్గా గాజు మధ్యకు వచ్చేది తీసుకోండి. మైనస్ 6 ఉన్నవాళ్లు పెద్ద ఫ్రేము తీసుకుంటే 1.74 గాజు కూడా అంచుల దగ్గర లావుగానే వస్తుంది. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని, షాపువాళ్లు పీడీ అంటారు, కొలిపించి చీటీ మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఈ ఒక్క అంకె తప్పుగా ఇచ్చి తలనొప్పి తెచ్చుకుంటున్నారు.

ఎండలో నల్లబడే ఫొటోక్రోమిక్ గాజు బండి మీద తిరిగేవాళ్లకు బాగుంటుంది. కానీ ఆరుబయట మనుషులతో మాట్లాడే పని ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఆశా కార్యకర్త, వ్యవసాయ అధికారి, ట్రాఫిక్ పోలీసు, వీళ్ల కళ్లు ఎదుటివాళ్లకు కనబడాలి. కారులో అది అంతగా నల్లబడదు కూడా, ముందు అద్దమే అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది కాబట్టి.

కాంటాక్ట్ లెన్సులు

కంటికీ ఎదుటివాళ్లకూ మధ్య ఏ అడ్డూ లేకుండా చూపునిచ్చేవి, శస్త్రచికిత్స అక్కర్లేనివి ఇవే. పక్కచూపు పూర్తిగా ఉంటుంది. కళ్లు అసలు సైజులో కనబడతాయి. పెళ్లి, డాన్సు, కబడ్డీ, వర్షంలో బండి ప్రయాణం, వీటన్నిటిలో కళ్లజోడు కంటే లెన్సు మేలు.

కొందరికి లెన్సు సరదా కోసం కాదు, అవసరం. ఒక కంటికి మైనస్ 1, రెండో కంటికి మైనస్ 6 ఉంటే కళ్లజోడులో రెండు బొమ్మల సైజు వేరుగా కనిపించి మెదడు వాటిని కలపలేక తికమకపడుతుంది. లెన్సులో ఆ తేడా చాలా తగ్గుతుంది. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. అది శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్నవాళ్లకు ఆర్‌జీపీ అనే గట్టి లెన్సులు, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సులు కళ్లజోడు ఇవ్వలేని చూపు ఇస్తాయి.

రకం ఎంచుకోవడం దగ్గర నా సలహా ఒక్కటే. వారానికి రెండు మూడు రోజులే వాడేవాళ్లు ఒక్కరోజు వాడి పారేసే డైలీ లెన్సులు తీసుకోండి. రోజూ వాడేవాళ్లు కూడా శుభ్రం చేసుకోవడంలో బద్ధకం ఉంటే డైలీయే. ఖర్చు ఎక్కువే, జత ధరను 365తో గుణించి చూసుకోండి. నెలవారీ లెన్సులకు సొల్యూషన్, డబ్బా ఖర్చు కలుపుకోవాలి, డబ్బాను మూడు నెలలకోసారి మార్చాలి.

లెన్సు పెట్టుకుని నిద్రపోకూడదు. కార్నియాకు గాలి నుంచి అందే ఆక్సిజన్ తగ్గి ఇన్ఫెక్షన్ ప్రమాదం కొన్ని రెట్లు పెరుగుతుంది. లెన్సుకు నీళ్లు తగలకూడదు, కుళాయి నీళ్లయినా, మినరల్ వాటరైనా, పుష్కర స్నానమైనా. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే జీవి కార్నియాను తినేస్తుంది, దాని వైద్యం నెలల తరబడి సాగుతుంది. కన్ను ఎర్రబడి నొప్పి వస్తే లెన్సు తీసేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందుల షాపులో చుక్కలు కొనుక్కోవద్దు.

కళ్లజోడు చీటీ చూపించి లెన్సు కొనకండి. మైనస్ 4 దాటితే రెండిటి పవరూ ఒకటి కాదు. కళ్లజోడులో మైనస్ 6 ఉన్నవాళ్లకు లెన్సులో మైనస్ 5.5 సరిపోతుంది. పెళ్లి కోసం తీసుకునేవాళ్లు నెల ముందే కొలతలిచ్చి, ఇంట్లో పది పన్నెండు సార్లు పెట్టి తీయడం నేర్చుకోండి. పోయినేడాది మా అన్నయ్య కూతురి పెళ్లికి అలాగే చేయించాను. హోమం పొగకు కళ్లు మండుతాయని ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు కూడా చేతికిచ్చాను.

లేజర్

కళ్లజోడుతో విసిగినవాళ్లు అందరూ ఇక్కడికే వస్తారు. ముందు అసలు ఏం చేస్తారో చెబుతాను. కార్నియా మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. లేసిక్ అనే పద్ధతిలో పైన సుమారు 110 మైక్రాన్ల పొరను మూతలా లేపి, కింద లేజర్‌తో చెక్కి, మళ్లీ మూసేస్తారు. ఒక్కో పవర్‌కు సుమారు 14, 15 మైక్రాన్లు పోతాయి. చివరికి కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలి, జాగ్రత్తపరులైన డాక్టర్లు 300 మిగలాలంటారు. పల్చబడిన కార్నియా తర్వాత ఉబ్బితే కళ్లజోడుతో కూడా సరికాని చూపు మిగులుతుంది.

నా లెక్క చూడండి. నా కార్నియా 478. మూతకు 110, చెక్కడానికి 80 తీసేస్తే మిగిలేది 288. నేను మొదట వెళ్లిన చోట కార్నియా స్కాన్ తీయకముందే ఈ వారం ఆఫర్ ఉందని, అడ్వాన్సు కట్టమని అడిగారు. ఇంకో చోటికి వెళితే డాక్టరు స్కాన్ ముందు పెట్టి, "అమ్మా, మీకు చేయను" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. కాబట్టి లేజర్ గురించి నా మొదటి సలహా, వద్దని చెప్పగల డాక్టరును వెతుక్కోండి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి లాంటి చోట రెండో అభిప్రాయం తీసుకోవడానికి ఒక రోజు ఖర్చవుతుంది, అంతే.

స్కాన్‌కు ముందు మెత్తటి లెన్సులైతే వారం రెండు వారాలు, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు మానేయాలి. లేకపోతే కొలతలు తప్పుతాయి. 18 ఏళ్లు నిండాలి, ఏడాదిగా పవర్ అర కంటే ఎక్కువ మారకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. కళ్లు బాగా పొడిబారేవాళ్లకు, కెరటోకోనస్ అనుమానం ఉన్నవాళ్లకు ఇది కాదు.

మూడు పద్ధతుల్లో తేడా ఇదీ. లేసిక్‌లో మర్నాటికే చూపు వచ్చేస్తుంది, అన్నిటికంటే ఎక్కువ కాలంగా చూస్తున్న పద్ధతి, కానీ మూత కోసేటప్పుడు నరాలు తెగి కొన్ని నెలలు కళ్లు పొడిబారతాయి. స్మైల్‌లో మూత లేదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల కోత లోంచి చిన్న పొరను బయటికి లాగుతారు. పొడిబారడం కాస్త తక్కువ, చూపు కుదురుకోవడానికి ఇంకొన్ని రోజులు ఎక్కువ, ధరా ఎక్కువే. పీఆర్‌కేలో మూత లేకుండా పైనుంచే చెక్కుతారు. మూడు నుంచి అయిదు రోజులు బాగా నొప్పి ఉంటుంది, చూపు వారాల మీద తేలుతుంది. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు, కార్నియా కొంచెం పల్చగా ఉన్నవాళ్లకు డాక్టర్లు దీన్నే సూచిస్తారు, దెబ్బ తగిలితే జరిగిపోవడానికి మూతే లేదు కాబట్టి.

ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు నోటిఫికేషన్‌లో మెడికల్ నిబంధనలు చదవకుండా లేజర్ వైపు వెళ్లొద్దు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లేసిక్ చేయించుకున్నవాళ్లు పనికిరారు. ఆరోగ్య బీమా విషయానికొస్తే, 7.5 పవర్ కంటే తక్కువ సైటుకు చేసే చికిత్సను మన దేశంలో పాలసీలు మామూలుగా మినహాయిస్తాయి.

ఒక సంగతి చాలామంది చెప్పరు. లేజర్ కార్నియాను మారుస్తుంది, కంటి వెనక ఉన్న రెటీనాను కాదు. మైనస్ 8 ఉన్న కన్ను లేజర్ తర్వాత కూడా పొడుగు సాగిన కన్నే. కళ్ల ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు, తెర పడినట్టు ఉండటం కనిపిస్తే అద్దాలు పోయాయి కదా అని ఊరుకోకూడదు. ఆపరేషన్ ముందటి కొలతల కాగితాలన్నీ ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. ముప్పై ఏళ్ల తర్వాత శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు పవర్ లెక్కకట్టడానికి అవి కావాలి.

కార్నియా పల్చనైనవాళ్లకు, మైనస్ 8, 10 దాటినవాళ్లకు ఐసీఎల్ ఉంది. కంటి సహజ లెన్సును ముట్టుకోకుండా దాని ముందు, కనుపాప వెనక, ఇంకో మెత్తటి లెన్సు అమరుస్తారు. అవసరమైతే తీసేయొచ్చు. కంటి ముందు గది లోతు సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి, ఏటా కంటి ఒత్తిడి, కార్నియా కణాల లెక్క చూపించుకోవాలి. ఈ పద్ధతులన్నిటిలో ఖరీదైనది ఇదే. నాకూ చెప్పారు. నేను ఆగాను, అప్పటికే నలభై దగ్గరపడుతున్నాయి కాబట్టి.

పిల్లలకు

పిల్లలకు ఇందులో చాలావరకు వర్తించదు. కళ్లజోడే. పవర్ త్వరగా పెరుగుతుంటే ఆ పెరుగుదలను నెమ్మదింపజేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకంగా తయారుచేసిన గాజులు ఉన్నాయి, పిల్లల కంటి డాక్టరును అడగండి. రోజుకు రెండు గంటలు ఆరుబయట ఆడుకోనివ్వండి.

మెల్లకన్ను అదృష్టం అన్న మాట మాత్రం దయచేసి నమ్మకండి. మెల్ల ఉన్న కన్ను పంపే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది, ఆ కన్ను చూడటమే మరిచిపోతుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో తీసుకెళ్తే కళ్లజోడు, మంచి కంటికి పట్టీ, అవసరమైతే చిన్న ఆపరేషన్‌తో చూపు దక్కుతుంది. ఏడెనిమిదేళ్లు దాటితే కష్టం. ముందే చూపిస్తే స్కూల్లో ఆ బిడ్డ తలొంచుకుని మాట్లాడే రోజులూ తప్పుతాయి.

నలభై దాటాక

చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. దూరం బాగానే ఉండి, దగ్గర అక్షరాలు అలుక్కుపోతాయి. కళ్లజోడు వదిలేసి లెన్సులు వాడే మైనస్ వాళ్లకు ఇది ఒకటి రెండేళ్లు ముందే తెలుస్తుంది. లేజర్ చేయించుకున్నవాళ్లకూ వస్తుంది. నలభై రెండేళ్లకు లేజర్ చేయించుకుని, ఆర్నెల్లకు చదువుకునే అద్దాలు కొనుక్కుని బాధపడినవాళ్లు నాకు తెలుసు.

ఇక్కడ కూడా ఎవరి ముఖం చూడాలన్నదే నా కొలబద్ద. చదువుకునే అద్దాలు మాత్రమే వాడితే పుస్తకం మీంచి తలెత్తినప్పుడల్లా ఎదుటి మనిషి మసకబారతాడు. అద్దాల మీంచి చూస్తే అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది. టీచర్లు, బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాళ్లు, డాక్టర్లు, కాగితాన్నీ మనిషినీ మార్చి మార్చి చూడాల్సినవాళ్లు ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే పైన దూరం, కిందికి వచ్చేకొద్దీ దగ్గర కనిపించేవి, తీసుకోండి. మొదటి రెండు వారాలు మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. డబ్బు తక్కువలో కావాలంటే పైన దూరానికి, కింద దగ్గరికి రెండు భాగాలుగా ఉండే బైఫోకల్ ఏమీ నామోషీ కాదు. ఇంట్లో కూర్చుని బియ్యం ఏరుకునేవాళ్లకు, కుట్టుపని చేసేవాళ్లకు చదువుకునే అద్దాలు చాలు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో లక్షల మందికి ఆ అద్దాలే ఉచితంగా వచ్చాయి. మా మేనత్త వాటిని పెట్టుకుని వీధిలో నడిచి, "ఇవి మంచివి కావే, మనుషులు కనబడట్లేదు" అని పక్కన పడేసింది. దగ్గరికి మాత్రమేనని ఎవరూ విడమరిచి చెప్పలేదు.

మా అమ్మకు ఈమధ్య శుక్లాల ఆపరేషన్ అయింది. లోపల పెట్టే లెన్సును ఏ దూరానికి అమర్చాలో అడగొచ్చని చాలామందికి తెలియదు. దూరానికి పెడితే చదవడానికి అద్దాలు కావాలి. దగ్గరికి పెడితే దూరానికి కావాలి. మల్టీఫోకల్‌తో రెండూ వస్తాయి కానీ రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. అమ్మకు చిన్నప్పటి నుంచీ మైనస్ 3. దగ్గరివన్నీ అద్దాలు తీసి చూసుకోవడమే ఆవిడకు అలవాటు. రోజంతా ఏం చేస్తారని డాక్టరు అడిగితే, పూలు కడతాను, పేపరు చదువుతాను, ఫోన్లో మనవడిని చూస్తాను అంది. మూరెడు దూరానికి పెట్టమన్నాం. గుమ్మం దాటేటప్పుడు పాత అలవాటుగా కళ్లజోడు పెట్టుకుంటుంది, లోపలికి రాగానే తీసి టీవీ మీద పెట్టేస్తుంది.